మూడు గడుల కాగితం

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పరన్న విషయం రేణుకి లక్ష్మీపతిగారి ఇంట్లో, పులిహోర వడ్డించుకుంటుండగా తెలిసింది.

ఆగస్టు నెల, శనివారం మధ్యాహ్నం. తామంతా ఉండే అరోరా ఊళ్లో తెలిసినవాళ్ల పిల్లలు ఆరుగురు ఆ వారం కాలేజీలకు వెళ్లిపోతున్నారని లక్ష్మీపతిగారు అందరినీ భోజనానికి పిలిచారు. పిల్లలు బేస్‌మెంట్‌లో ఉన్నారు. పెద్దవాళ్లు పైన వంటింట్లో పేపర్ ప్లేట్లు పట్టుకుని నిలబడి, ఎవరి పిల్ల ఏ డార్మ్‌లో ఎన్నో అంతస్తులో ఉంటుందో చెప్పుకుంటున్నారు. అప్పుడు లక్ష్మీపతిగారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే ఏదో ఒక ప్రమాదం గురించి చెప్పబోతున్నారని లెక్క. కిందటేడు ఇళ్ల కిందనుంచి వచ్చే రేడాన్ వాయువు గురించి చెప్పి పదిహేను ఇళ్లలో పైపులు పెట్టించారు.

ఈసారి సంగతి వాళ్ల అబ్బాయి వేదాంత్‌ది. కిందటి నవంబరులో కాలేజీలో ఉండగా వేదాంత్‌కి అపెండిక్స్ నొప్పి వచ్చి హాస్పిటల్లో చేరాడు. రూమ్మేట్ చెప్తే ఈయన హాస్పిటల్‌కి ఫోన్ చేశారు. అలాంటి పేషెంటు ఇక్కడ ఉన్నాడో లేడో కూడా మీకు చెప్పకూడదు అందట అవతల నర్సు. నేను తండ్రినమ్మా అంటే, కంగ్రాచ్యులేషన్స్ అందట. ఈ చివరి ముక్క ఆయన కల్పించి ఉండొచ్చు కానీ, గదిలో ఉన్న ఏ తల్లికీ నవ్వు రాలేదు.

"పద్దెనిమిది నిండాక చట్టప్రకారం నేనొకటే, మన పోస్ట్‌మాన్ ఒకటే" అన్నారు లక్ష్మీపతిగారు. అని ఊరుకోలేదు. పక్కగదిలోంచి ఫోల్డర్లు తెచ్చి పేరంటంలో తాంబూలం ఇచ్చినట్టు ఇంటికొకటి ఇచ్చారు. పిల్లల చేత సంతకం పెట్టించాల్సిన కాగితాలన్నీ అందులో ఉన్నాయి.

రేణు ప్లేటు పక్కన పెట్టేసింది. వాళ్ల అమ్మాయి నైనికకి జీడిపప్పు పడదు. పడదంటే ఏదో దద్దుర్లు రావడం కాదు, గొంతు మూసుకుపోతుంది. మూడో ఏట ఒక బర్ఫీ ముక్క తిని పిల్ల మొహం నీలంగా మారిపోయిన పుట్టినరోజు పార్టీ దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు లేదు, పొంగల్లో లేదు, పాయసంలో లేదు. ఇంకో ఆరు రోజుల్లో, శుక్రవారం పొద్దున్నే, ఆ పిల్ల నాలుగున్నర గంటల దూరంలో ఉన్న మిషిగన్ కాలేజీకి వెళ్లిపోతోంది. అక్కడ ఏ కుర్రాడో కుకీ ఇస్తే తిని పడిపోయిందనుకుందాం. ఫోన్ చేస్తే నర్సు కంగ్రాచ్యులేషన్స్ అంటే? రేణు ఇంకేమీ కోరుకోలేదు. పిల్లకి ఏమైనా అయితే తనకి తెలియాలి. దానికి శుక్రవారం లోపల పిల్ల సంతకం కావాలి.

ఆ పని ఆమె భర్త రవికుమార్ తీసుకున్నాడు. ఆ ఇంట్లో కాగితం పని ఏదైనా అతనిదే. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు కాబట్టి ఇంటిని కూడా అదే పద్ధతిలో నడుపుతాడు. 'ఫ్యామిలీ మాస్టర్' అని ఒక ఎక్సెల్ షీట్ ఉంది. అందులో కరెంటు, నీళ్లు, లైబ్రరీ కార్డు, గుడి మెంబర్‌షిప్, ముగ్గురి డాక్టర్లు, ముగ్గురి పళ్ల డాక్టర్లు, మొత్తం అరవై నాలుగు ఖాతాలు ఉన్నాయి. అన్నిటికీ అతని ఈమెయిలే, అతని ఫోన్ నంబరే. అందుకని ఆ ఇంట్లో ఎవరు ఎందులో లాగిన్ అవ్వాలన్నా ముందు "నాన్నా, ఓటీపీ" అనో "ఏవండీ, ఓటీపీ" అనో కేక పెట్టాలి. అతను మేడమీదున్నా, గరాజ్‌లో ఉన్నా, స్నానం చేస్తున్నా సరే, ఆరంకెలు ఒక్కొక్కటే స్పష్టంగా చదివి వినిపిస్తాడు. పదేళ్లుగా ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదని అతనికి కొంచెం గర్వం కూడా ఉంది.

ఆదివారం పొద్దున్నకల్లా కాగితాలు ప్రింటయి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపుపచ్చ స్టిక్కర్లతో డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. తొమ్మిది పేజీలు. అసలు సంగతి మూడో పేజీలో ఉంది. అక్కడ ఒకదాని కింద ఒకటి మూడు గడులు. మొదటి గడిలో టిక్కు పెడితే, మనిషి తన సంగతి తాను చెప్పుకోలేని స్థితిలో పడినప్పుడు మాత్రమే, మనం పేరు రాసిన వ్యక్తికి డాక్టర్లు అన్నీ చెప్తారు, ఏం చేయాలో అడుగుతారు. రెండో గడి అయితే ఇవాళ్టినుంచే ఆ వ్యక్తి రికార్డులన్నీ చూడొచ్చు, డాక్టర్లతో మాట్లాడొచ్చు. మూడోది అయితే ఇవాళ్టినుంచే నిర్ణయాలు కూడా తీసుకోవచ్చు. రవికుమార్ మూడో గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంచాడు. పిల్లకి పని తగ్గుతుంది కదా అని.

నైనిక పాలల్లో సీరియల్ వేసుకుని తింటూ కాగితాలు తిరగేసి, చదివి సైన్ చేస్తానంది.

రవికుమార్‌కి ముందు అర్థం కాలేదు. రెండు నిమిషాల పని, స్టిక్కర్లున్న చోట సంతకం పెడితే చాలు అన్నాడు. నాన్నా, ఇది నైన్ పేజెస్ అంది నైనిక. కిండర్‌గార్టెన్ నుంచీ నీ ఫామ్స్ అన్నీ నేనే చదివాను, ఇది కూడా చదివాను, ఇందులో ఏమీ లేదు అన్నాడతను. ఏమీ లేకపోతే మరి ఎందుకు అంది పిల్ల. అని, కాగితాలతో పాటు ఒక ఎరేజర్ కూడా తీసుకుని మేడమీదకి వెళ్లింది.

ఆ తొమ్మిది పేజీలు ఆదివారం, సోమవారం ఇల్లంతా తిరిగాయి. ఒకసారి సోఫాలో కనిపించాయి, ఒకసారి కారు డాష్‌బోర్డు మీద, ఒకసారి ట్రెడ్‌మిల్ మీద. రేణు తనకి తెలిసిన దారిలో ఒత్తిడి తెచ్చింది. ఆదివారం గుత్తివంకాయ చేసింది, సోమవారం అల్లం పచ్చడితో పెసరట్లు వేసింది. పిల్ల అన్నీ తింటూ చదివింది. చదవడం మాత్రం అయిపోలేదు.

సోమవారం సాయంత్రం తల్లీ కూతుళ్లు డార్మ్‌కి పట్టుకెళ్లాల్సిన కొత్త తువ్వాళ్లు ఉతికి మడతలు పెడుతున్నారు. నైనిక ఒక తువ్వాలు మూడుసార్లు మడతపెట్టి మూడుసార్లు విప్పింది.

"అమ్మా, నేను అక్కడ లైక్, సాడ్‌గా ఉండి ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే, అది కూడా నీకు తెలియాలా?"

"ఎందుకు సాడ్‌గా ఉంటావు?"

"ఉండను. ఉంటే."

"ఉంటే నాకు చెప్తావు కదా."

"చెప్తాను. అదే. నేను చెప్తాను."

ఈ రెండింటికీ తేడా ఏమిటో రేణుకి ఆ సాయంత్రం అంతుపట్టలేదు. పిల్ల ఒప్పుకుంటోందనే అనుకుని, తువ్వాలు తనే తీసుకుని సరిగ్గా మడతపెట్టింది.

మంగళవారం రేణుకి స్కూల్లో ఊపిరాడనంత పని. ఆమె ఒక ఎలిమెంటరీ స్కూలు ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. బళ్లు తెరిచే ముందు వారం ప్రతి పిల్లకీ ఒక కార్డు తయారు చేయాలి. ఆ పిల్లని బడినుంచి ఎవరెవరు తీసుకెళ్లొచ్చో అందులో ఉంటుంది. కార్డు మీద పేరు లేనివాళ్లని రేణు గడప దాటనివ్వదు. ఒకసారి ఒక తాతగారు డోనట్ల డబ్బా పట్టుకుని మనవడి కోసం వచ్చాడు. ముక్కూ మొహం అచ్చం ఆ పిల్లాడివే. రేణు ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నలభై నిమిషాలు కూర్చోబెట్టింది కానీ తల్లి ఫోన్ ఎత్తేదాకా పిల్లాణ్ణి పంపలేదు. నోట్‌బుక్కుల్లో తల్లి సంతకం పిల్లలే పెట్టుకొస్తే అక్షరం చూసి పట్టుకోవడంలో కూడా ఆమెకి మంచి పేరుంది.

అంతటి మనిషి సాయంత్రం ఇంటికొచ్చేసరికి రవికుమార్ గరాజ్‌లోనే ఎదురొచ్చి పనైపోయింది అన్నాడు. కాలేజీ హెల్త్ సెంటర్ వాళ్ల వెబ్‌సైట్‌లో కూడా అలాంటి పర్మిషన్ ఫామ్ ఒకటి ఉందట. నైనిక స్టూడెంట్ అకౌంట్ ఏప్రిల్లో తన ఈమెయిల్‌తోనే తెరిచాడు కదా. లాగిన్ అయితే ఓటీపీ తన ఫోన్‌కే వచ్చింది. అడిగిన గడులన్నీ నింపి, కింద పిల్ల పేరు టైప్ చేస్తే అదే అందమైన సంతకంగా మారిపోయింది. సిస్టమ్ యాక్సెప్ట్ చేసింది అన్నాడు. ఆ మాట అతని నోట్లో దేవుడు వరమిచ్చాడన్నట్టే వినిపించింది.

ఇది తప్పు అని రేణుకి తెలుసు. ఇలాంటివి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకి హాయిగా అనిపించింది. చేతులు కడుక్కుని, వేడిగా రెండుసార్లు అన్నం పెట్టుకుని తింది.

ఆ హాయి అరగంట ఉంది. నైనిక లాప్‌టాప్ చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. కాలేజీ వాళ్లు ఆమెకిచ్చిన కొత్త ఈమెయిల్‌కి ఒక మెయిల్ వచ్చిందట. నిలబడే చదివి వినిపించింది. ఎవరి బలవంతమూ లేకుండా, నీ ఇష్టపూర్వకంగా ఈ ఫామ్ మీద సంతకం చేసినందుకు థాంక్యూ నైనికా, అని దాని సారాంశం. పిల్ల గొంతు పెంచలేదు. పెంచితే రవికుమార్ కూడా పెంచేవాడు, అందరికీ సులువుగా ఉండేది.

నీ పని తగ్గించానమ్మా అన్నాడతను. నైనిక కుర్చీ లాక్కుని కూర్చుని టకటకా టైప్ చేసింది. ఫామ్ రద్దు చేసింది. ఫోన్ నంబర్ తీసేసి తన నంబర్ పెట్టబోయింది. అక్కడ ఆగి, స్క్రీన్ మీంచి తలెత్తకుండా "నాన్నా, ఓటీపీ" అంది.

రవికుమార్ అలవాటు కొద్దీ జేబులోంచి ఫోన్ తీసి ఆరంకెలూ స్పష్టంగా చదివాడు. చివరి అంకె నోటినుంచి వెళ్లిపోయాక గానీ తను ఏం చదివి వినిపించాడో అతనికి తెలియలేదు. ఎక్సెల్ షీట్‌లో అరవై మూడు మిగిలాయి.

"అమ్మా, నీకు తెలుసా?" అని అడిగింది నైనిక.

ఇందాకే తెలిసిందంది రేణు. నువ్వేమన్నావు అంది పిల్ల. రెండుసార్లు అన్నం తిన్నానని చెప్పలేక రేణు గ్లాసులో నీళ్లు పోసుకుంది. నైనిక కాసేపు తల్లి మొహం చూసి, నీ డాక్టర్ పోర్టల్ పాస్‌వర్డ్ ఏంటి అని అడిగింది. నాన్నకి తెలుసంది రేణు. మరి నీకు? నాకెందుకే, ఏమొచ్చినా నాన్న చూసి చెప్తారుగా అంది.

"అమ్మా, నీకు ఫార్టీ ఎయిట్" అంది నైనిక. వెక్కిరింతగా అనలేదు. టైమెంతైందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

రవికుమార్ అవసరమైనదానికన్నా కాస్త గట్టిగా నవ్వి, లేచి వెళ్లి గిన్నెలు డిష్‌వాషర్లో సర్దడం మొదలుపెట్టాడు.

బుధవారం లంచ్ టైంలో రేణు స్కూలు బల్ల దగ్గరే కూర్చుని క్లినిక్ వెబ్‌సైట్ తెరిచింది. పిల్ల మాట గుచ్చుకుంది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. పుట్టిన తేదీ కొట్టింది, పాస్‌వర్డ్ మర్చిపోయాను అన్న చోట నొక్కింది. కోడ్ పంపించామంది వెబ్‌సైట్. ఎవరికి పంపించారో వెంటనే తెలిసింది. రవికుమార్ దగ్గర్నుంచి మెసేజ్: ఏం కావాలి, నేను చూసి చెప్తా. కోడ్ పంపండి చాలు అని రాసింది. మీటింగ్‌లో ఉన్నా, ఏం చూడాలో చెప్పు అని జవాబు. విటమిన్ డి అని రాసింది రేణు, చిరాగ్గా. ఇంటికొచ్చాక చూద్దాం అన్నాడు.

క్లినిక్ ఇంటికెళ్లే దారిలోనే ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ముప్పై దాటవు. లైసెన్స్ అడిగింది. ఫోటో వంకా రేణు మొహం వంకా రెండుసార్లు చూసింది, పుట్టిన తేదీ నోటితో చెప్పమంది. రేణుకి ఆ పిల్ల పని నచ్చింది. నా అకౌంట్‌లో నా ఫోన్ నంబర్, నా ఈమెయిల్ పెట్టాలంది. ఆ అమ్మాయి పాత కాగితం ఒకటి వెతికి స్క్రీన్ ఇటు తిప్పింది. పదిహేనేళ్ల కిందటి ఫామ్. రిజల్ట్స్, మెసేజీలు అన్నీ భర్తకి పంపండి, ఆయనతో మాట్లాడండి అని ఉంది. కింద సంతకం రేణుదే. ఎవరూ దొంగతనంగా పెట్టింది కాదు. అక్షరం చూసి పట్టుకోవడంలో తనకి పేరుంది కాబట్టి ఇంకో మాట అనడానికి లేదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది, అంతే.

అది రద్దు చేయండి అంది. అమ్మాయి రద్దు చేసి, కొత్త నంబర్ ఎక్కించి, ఇరవై ఆరో తారీకు అపాయింట్‌మెంట్ రిమైండర్ కూడా ఈ నంబర్‌కే పంపనా అని మామూలుగా అడిగింది.

ఏ అపాయింట్‌మెంట్ అని అడిగింది రేణు.

కీబోర్డు మీద ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. మీ హజ్బెండ్ బుక్ చేశారంది. తర్వాత ఒక కాగితం ప్రింట్ చేసి రేణు ముందు పెట్టింది. జులైలో తీసిన మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, రిపోర్టు. ఎడమవైపు ఒక చోట స్పష్టంగా లేదు, రెండు నెలల్లోపు మళ్లీ వచ్చి ఇంకొన్ని ఫోటోలు తీయించుకోండి, చాలామందికి ఇలాంటివాటిలో ఏమీ ఉండదు అని రాసి ఉంది. మెసేజ్ చదివిన తేదీ కూడా ఉంది. జులై పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై.

జులై పద్నాలుగు సాయంత్రం రవికుమార్ టీ తాగుతూ, నీ రిపోర్ట్ వచ్చింది, అంతా నార్మల్ అని చెప్పాడు. ఆ మర్నాటినుంచే గిన్నెలు సర్దడం మొదలుపెట్టాడు. బట్టలు మడతపెట్టాడు. ఆమె కూర్చున్న చోటికే కాఫీ తెచ్చిచ్చాడు. పిల్ల వెళ్లిపోతోందని మనసు బాగాలేదేమో అనుకుని రేణు అతని మీద జాలి కూడా పడింది. ఇప్పుడు ఆ జాలి గుర్తొస్తేనే ఒళ్లు మండింది. ముందు భయమే వేసింది, కౌంటర్ పట్టుకుంది. కానీ భయం వెనకాలే వచ్చిన కోపం భయాన్ని పక్కకి నెట్టేసింది. నా ఒళ్లు, నా ఒంటి సంగతి, నెలకి పైగా ఈయన దగ్గర ఉంది. పక్కనే పడుకున్నాడు, పెసరట్టు బాగుందన్నాడు, చెప్పలేదు.

రేపు పొద్దున ఎనిమిదిన్నరకి ఎవరో కాన్సిల్ చేశారు, వస్తారా అని అడిగింది కౌంటర్ అమ్మాయి. వస్తానంది.

ఆ సాయంత్రం రవికుమార్ ఇల్లు పీకి పందిరేశాడు. 'మీ నంబర్ ఈ ఖాతానుంచి తొలగించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరో హ్యాక్ చేశారన్నాడు. ఏ ఖాతానో మాత్రం చెప్పలేదు. చెప్తే ఎందుకంత కంగారో కూడా చెప్పాలి. లక్ష్మీపతిగారికి ఫోన్ చేసి హెచ్చరించాడు, ఆయన వెంటనే మరో పదిహేను ఇళ్లని హెచ్చరించారు. కూర్చుని ఒక్కొక్క పాస్‌వర్డూ మార్చుకుంటూ వచ్చి, గుడి మెంబర్‌షిప్ దగ్గర ఆగి, గరాజ్‌లోకి వెళ్లి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. వంటింటి తలుపు పూర్తిగా పడదు. బీన్స్ తరుగుతున్న రేణుకి అన్నీ వినిపించాయి. నేను ఆమె హజ్బెండ్‌ని అన్నాడు ఇంగ్లీషులో. అవతలివాళ్లు ఏదో చెప్పారు. అర్థమైంది, కానీ నేను హజ్బెండ్‌ని అన్నాడు మళ్లీ.

లోపలికి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరండీ ఫోన్ అని అడిగింది. స్పామ్ అన్నాడు. ఆమె బీన్స్ వంక చూసింది, అతను ఆమె వంక చూశాడు. ఇద్దరికీ అర్థమైంది. పిల్ల భోజనానికి దిగి వచ్చింది కాబట్టి ఇద్దరూ కంచాలు పెట్టారు.

గురువారం స్కూల్‌కి ఆలస్యంగా వస్తానని చెప్పి రేణు ఒక్కతే క్లినిక్‌కి వెళ్లింది. గులాబీరంగు గౌను తొడుక్కుని, తనలాగే గులాబీరంగు గౌన్లలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చుని పాత పత్రికలో గుమ్మడికాయ సూప్ చేసే విధానం నాలుగుసార్లు చదివింది. మీతో ఎవరైనా వచ్చారా అని నర్సు అడిగింది. లేదంది. లేదు అన్నాక ఏడుపొచ్చింది, ఆపుకుంది. ఫోటోలు తీశారు. ఇరవై నిమిషాల తర్వాత డాక్టరమ్మ తనే వచ్చి, మొదటి ఫోటోలో కణజాలం పొరలు ఒకదాని మీద ఒకటి పడి అలా కనిపించింది, ఏమీ లేదు, వచ్చే ఏడాది మామూలుగా రండి అని చెప్పింది.

రేణు కార్లో కూర్చుని తాళం తిప్పలేదు. ఏమీ లేదన్న సంగతి ఆ నిమిషాన తనకొక్కదానికే తెలుసు. ఇన్నేళ్లలో తన ఒంటి కబురు మొదట తన చెవినే పడటం ఇదే. ఎవరికీ ఫోన్ చేయాలనిపించలేదు. చెప్తుంది, తప్పకుండా చెప్తుంది, కానీ తనే చెప్తుంది. తువ్వాలు మడతపెట్టి విప్పుతూ పిల్ల అన్నది ఇదేనని అప్పుడు తెలిసింది. ఫోన్లో రవికుమార్ మెసేజీలు ఐదున్నాయి. ఎక్కడున్నావు అని మూడు, తిన్నావా అని ఒకటి, చివరిది ఉత్త ప్రశ్నార్థకం. సాయంత్రం మాట్లాడదాం అని రాసి స్కూల్‌కి వెళ్లిపోయింది.

సాయంత్రం ఐదింటికి లక్ష్మీపతిగారు సాక్షి సంతకం పెట్టడానికి సొంత పెన్ను తెచ్చుకుని మరీ వచ్చారు. మధ్యాహ్నమే నైనిక తొమ్మిది పేజీలూ ముగించిందట. అయితే సాక్షి సంతకం దగ్గర ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. ఈ అమ్మాయితో నాకు ఏ బంధుత్వమూ లేదు అని అక్కడ రాసి ఉంది. బారసాల నుంచి ఉన్నాను, పద్దెనిమిది పుట్టినరోజులకీ వచ్చాను, ఏమీ కానని రాసివ్వమంటారా అన్నారు. లా అంతే అంకుల్ అని నైనిక ఆయన భుజం తట్టింది. కళ్లజోడు తుడుచుకుని, ఆ వాక్యం మీద పడకుండా జాగ్రత్తగా పక్కగా సంతకం పెట్టారు.

తర్వాత అలవాటు ప్రకారం మూడో పేజీ పరీక్షించారు. పేరు రాయాల్సిన చోట అమ్మ పేరు ఉంది. అమ్మ దొరక్కపోతే అన్న చోట నాన్న పేరు ఉంది. రవికుమార్ ఆ వరస మళ్లీ చదివాడు. పెన్సిల్ టిక్కు చెరిపేసిన మరక కింద కనిపిస్తోంది. ఇంకుతో పెట్టిన టిక్కు మాత్రం మొదటి గడిలో ఉంది.

"అమ్మా రేణూ, మొదటి గడిలో పెట్టింది. దీనివల్ల మీకు ఉపయోగం సగమే. రెండోది పెట్టించు, ఇంకో కాపీ ఉంది నా దగ్గర" అన్నారు లక్ష్మీపతిగారు.

నైనిక తల్లి వంక చూసింది. శనివారం నాటి రేణు అయితే ఆ కాపీ చేతిలోంచి లాక్కుని ఉండేది.

"ఆ గడి చాలు అన్నయ్యగారూ. అది మాట్లాడలేనప్పుడు నాకు చెప్తారు. మాట్లాడగలిగినన్నాళ్లూ అదే చెప్తుంది" అంది రేణు. అని చెయ్యి చాపింది. "ఆ కాపీ ఇటివ్వండి."

ఎవరికమ్మా అన్నారాయన.

"నాకు."

కుర్చీ లాక్కుని కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తొమ్మిది పేజీలూ, మొదటి వాక్యం నుంచి. టీ చల్లారింది. లక్ష్మీపతిగారు రెండుసార్లు సారాంశం చెప్పబోతే నైనిక ఆయన చేతిలో జంతికల ప్లేటు పెట్టింది. రవికుమార్ నిలబడే ఉన్నాడు. పేరు రాయాల్సిన చోటికొచ్చి రేణు పెన్ను అందుకుంది. కోపం తగ్గలేదు, ఇంకా కొన్నాళ్లు తగ్గదు కూడా. అయినా అక్కడ రవికుమార్ అని రాసింది. అతని ఊపిరి తిరిగి రావడం గదిలో అందరికీ వినిపించింది. తర్వాత మూడు గడుల్లో మొదటిదాంట్లో టిక్కు పెట్టింది. ఈమెతో కూడా తనకేమీ బంధుత్వం లేదని లక్ష్మీపతిగారు రెండోసారి సంతకం పెట్టారు. రైస్ కుక్కర్ కార్లో ఎలా పట్టించామో చూద్దురు గాని రండి అంకుల్ అని నైనిక ఆయన్ని బయటికి తీసుకుపోయింది.

ఇద్దరే మిగిలాక రవికుమార్ గడగడా చెప్పేశాడు. నువ్వు కంగారు పడతావని చెప్పలేదన్నాడు. పిల్లని దింపి వచ్చాక చెప్దామనుకున్నానన్నాడు. ఆ లెటర్ గురించి నలభై వ్యాసాలు చదివానన్నాడు, నిద్ర లేదన్నాడు, నిన్న క్లినిక్‌లో వాళ్లు చెప్పం అంటే గరాజ్‌లో కూర్చుండిపోయానన్నాడు. నాకు చాలా కోపంగా ఉంది అని రేణు నెమ్మదిగా చెప్పింది. తెలుసన్నాడు. టేబుల్ మీద కాగితం వంక చూశాడు.

"నా పేరే రాశావుగా."

"రాశాను. నేను మాట్లాడలేనప్పుడు మీరే మాట్లాడాలి. నాకు ఇంకెవరున్నారు?"

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మాట్లాడగలను. అడగండి."

రవికుమార్‌కి చూడటం వచ్చు, లాగిన్ అవ్వడం వచ్చు, చెప్పడం వచ్చు. అడగడం అలవాటు లేదు. చివరికి ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిలో ఉన్న ఫోన్ బోర్లా పెట్టాడు.

"రేణూ, డాక్టర్ ఏమన్నారు?" అని అడిగాడు.

రేణు చెప్పింది.